ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేశారు, న్యూట్రల్ మాత్రం మాడింది

మిట్టమధ్యాహ్నం కారు చార్జింగ్‌కు పెడితే ఇంట్లో లైట్లు మిణుకుమంటాయి. సోలార్ ఇన్వర్టర్ ‘గ్రిడ్ వోల్టేజ్ ఎక్కువ’ అని చూపించి ఆగిపోతుంది, కాసేపటికి మళ్లీ తనే మొదలవుతుంది. అదే కారు రాత్రి పెడితే ఏ గొడవా లేదు. ఫిర్యాదు ఇంతే. ఈమధ్య మెయిన్ డీబీ (బ్రేకర్లుండే డిస్ట్రిబ్యూషన్ బోర్డు) దగ్గర కాలిన వాసన కూడా వస్తోందని ఇంటావిడ గమనించారు. నన్ను పిలిచింది ఆ వాసన కోసమే. మిగతా వాటికి ఇంట్లో అందరూ అప్పటికే అలవాటు పడిపోయారు.

ఇంటికి త్రీఫేజ్ సరఫరా (ఆర్, వై, బి అని మూడు ఫేజులు), 40 ఆంప్స్ ఇన్‌కమర్, అంటే మెయిన్ బ్రేకర్. మేడ మీద 5 కిలోవాట్ల సోలార్ ఉంది. దాని ఇన్వర్టర్ సింగిల్ ఫేజ్, దాన్ని వై ఫేజ్‌కి కలిపారు. తర్వాత ఎప్పుడో కారు కొన్నారు, 7.4 కిలోవాట్ల వాల్ చార్జర్ పెట్టించారు, అది ఆర్ ఫేజ్ మీద ఉంది. పోర్టికోలో స్కూటర్ కోసం ఒక 16 ఆంప్స్ సాకెట్ కూడా ఉంది. సోలార్ బిగించినవాళ్లు ఒకరు, చార్జర్ బిగించినవాళ్లు వేరొకరు. గొడవ మొదలయ్యాక ఇద్దరినీ పిలిపించి చూపించారట.

“సోలార్ వాళ్లొచ్చి మా వైపు బాగానే ఉందన్నారండీ. చార్జర్ వాళ్లదీ అదే మాట. ఇద్దరిదీ బాగుంటే మరి ఈ వాసన ఎక్కడిదండీ?” అన్నారు ఇంటాయన.

ఇద్దరూ నిజమే చెప్పారు. సోలార్ వైరింగ్ విడిగా చూస్తే వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. చార్జర్ వైరింగ్ కూడా అంతే. రెండూ కలిసే చోటు ఒకటుంది, దాని బాధ్యత మాత్రం ఎవరూ తీసుకోలేదు. ఈ కేసు రాయడానికి కారణం అదే.

మొదట కొలతలు, తర్వాతే స్క్రూడ్రైవర్

ఇలాంటి ఫిర్యాదుకి వెళ్లగానే మెయిన్ ఆపేసి స్క్రూలన్నీ బిగించేయాలని చెయ్యి లాగుతుంది. అలా చేస్తే వాసన తగ్గుతుంది, కారణం మాత్రం గోడలోనే ఉండిపోతుంది. అందుకే లోపం బయటపడే సమయానికే, అంటే ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం, కారు చార్జింగ్‌లో పెట్టించి కొలిచాను. తెరిచిన డీబీలో కరెంటు ఉండగా చేసే పని ఇది. గ్లవ్స్, కళ్లద్దాలు, కింద రబ్బరు మ్యాట్ లేకుండా దీని జోలికి వెళ్లకూడదు. ఇంటివాళ్లు తమంతట తాము చేసే పని అసలే కాదు.

తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్‌ ఇన్‌కమర్ తీగల మీద ఇలా చూపించింది: ఆర్ ఫేజ్ 33 ఆంప్స్, వై ఫేజ్ 18, బి ఫేజ్ 3. ఇన్‌కమర్ 40 ఆంప్స్ కాబట్టి మూడు ఫేజులూ హద్దులోనే ఉన్నాయి. నాకంటే ముందు చూసినవాళ్లు ఇక్కడే ఆగిపోయి ఉంటారు. న్యూట్రల్‌కి, అంటే మూడు ఫేజుల కరెంటూ కలిసి తిరిగి వెళ్లే తీగకి, క్లాంప్ వేస్తే 44.

న్యూట్రల్‌లో ఏ ఫేజ్‌లోనూ లేనంత కరెంటు! మామూలు త్రీఫేజ్ ఇంట్లో ఇలా ఉండదు. లోడ్లు మూడు ఫేజుల మీద ఎలా పంచినా, పవర్ ఫ్యాక్టర్ దాదాపు ఒకటిగా ఉన్నంతవరకు (అంటే కరెంటు వోల్టేజ్‌తో కలిసి నడిచినంతవరకు), హార్మోనిక్స్ (కరెంటు అల ఆకారాన్ని చెడగొట్టే అదనపు కరెంట్లు) మరీ పేరుకుపోకపోతే, అన్నిటికంటే ఎక్కువ మోసే ఫేజ్‌ని న్యూట్రల్ దాటదు. మనందరం ఆ నమ్మకం మీదే వైర్లు వేస్తాం.

అప్పుడు ఒక్కొక్కటీ ఆపి చూశాను. సోలార్ ఆపి కారు ఒక్కటే ఉంచితే న్యూట్రల్‌లో 30 ఆంప్స్ చిల్లర. కారు ఆపి సోలార్ ఒక్కటే ఉంచితే 20 చిల్లర. రెండూ కలిపితే 44. రాత్రి గొడవ లేకపోవడానికి, ఇద్దరు ఇన్‌స్టాలర్లకీ ఏమీ కనబడకపోవడానికి కారణం ఈ మూడు అంకెల్లోనే ఉంది. సోలార్ వాళ్లు చూసినప్పుడు కారు లేదు. చార్జర్ వాళ్లు సాయంత్రం వచ్చి చూశారు.

ఎందుకలా అయింది

చార్జర్‌ని ఆర్ ఫేజ్ మీద ఎందుకు పెట్టారని ఫోన్ చేసి అడిగితే వాళ్లు చెప్పిన జవాబు సహజంగానే ఉంది: “వై మీద సోలార్ ఉంది కదండీ, ఖాళీగా ఉన్న ఫేజ్ చూసి వేశాం.” లోడ్లు పంచేటప్పుడు మన చేతికి పట్టిన అలవాటు ఇది. రెండు పెద్ద లోడ్లుంటే చెరో ఫేజ్ మీద వేస్తాం. కానీ సోలార్ లోడ్ కాదు, తలకిందులైన లోడ్.

కాస్త వివరంగా చెబుతాను. మూడు ఫేజులూ ఒకదానికొకటి 120 డిగ్రీల తేడాతో నడుస్తాయి. ఆర్ మీద ఒక లోడ్, వై మీద ఒక లోడ్ ఉంటే వాటి కరెంట్లు న్యూట్రల్ దగ్గర 120 డిగ్రీల కోణంలో కలుస్తాయి. కొంత ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సోలార్ కరెంటు బయటికి వెళ్తుంది కాబట్టి దాని దిశ 180 డిగ్రీలు తిరుగుతుంది. 120 కాస్తా 60 అవుతుంది. 60 డిగ్రీల కోణంలో కలిసే రెండు కరెంట్లు కొట్టేసుకోవు, కలిసి పెరుగుతాయి. 33 ఆంప్స్ లోడ్ ఒక ఫేజ్ మీద, బయటికెళ్లే 18 ఆంప్స్ సోలార్ మిగులు ఇంకో ఫేజ్ మీద ఉంటే వర్గమూలం లెక్కలో 45 దాకా వస్తుంది. బి ఫేజ్ మీదున్న 3 ఆంప్స్ దాన్ని ఇంకాస్త తగ్గించి 44 దగ్గర నిలిపింది. సోలార్ వై మీద కాక బి మీద ఉన్నా తేడా ఏమీ ఉండదు. కారు ఉన్న ఫేజ్ కాకుండా వేరే ఏ ఫేజ్ మీదున్నా ఇదే కథ.

ఇక్కడ ఇంటాయనకి వచ్చిన సందేహం చాలామందికి వస్తుంది. “పగలు సోలార్‌తోనే కదండీ కారు చార్జ్ అవుతోంది, బిల్లులో కూడా తీసివేసి చూపిస్తున్నారు?” నిజమే, ఆయన మీటర్ మూడు ఫేజుల యూనిట్లనీ కూడి తీసివేసే రకం. వై ఫేజ్ మీద బయటికెళ్లింది ఆర్ ఫేజ్ మీద లోపలికొచ్చిన దాంట్లోంచి కాగితం మీద తగ్గుతుంది. తీగల్లో మాత్రం మేడ మీది కరెంటు వై ఫేజ్‌లోంచి వీధిలోకి వెళ్తోంది, కారు కరెంటు ఆర్ ఫేజ్‌లో వీధిలోంచి వస్తోంది. రెండింటి తిరుగు ప్రయాణమూ ఆ ఒక్క న్యూట్రల్‌లోనే.

బ్రేకర్ ఎందుకు పడలేదంటే, ఆ ఇన్‌కమర్ మూడు ఫేజులకి మాత్రమే రక్షణ ఉన్న రకం. నాలుగో పోల్ (న్యూట్రల్‌ది) మిగతా వాటితో పాటు తెరుచుకుంటుందే గానీ, దానిలో ఎంత కరెంటు పోతోందో చూసే భాగమేమీ దానికి లేదు. దాని వెనకున్న ఆర్‌సీసీబీ కూడా 40 ఆంప్స్‌దే. ఆర్‌సీసీబీ లీకేజీని (దారి తప్పి ఎర్త్‌లోకి పోయే కరెంటుని) చూస్తుంది, ఓవర్‌లోడ్‌ని చూడదు. గంటల తరబడి 44 ఆంప్స్ దానిలోంచి పోతున్నా దానికి ఏమీ పట్టదు.

వాసన దొరికిన చోటు

ఆర్‌సీసీబీ నుంచి న్యూట్రల్ లింక్‌కి (న్యూట్రల్ తీగలన్నీ కలిసే ఇత్తడి పట్టీకి) వచ్చే తీగ చివర ఇన్సులేషన్ గోధుమరంగుకి తిరిగి బిరుసెక్కింది. థర్మల్ కెమెరాలో చూస్తే పక్కనున్న పీవీసీ వేడిగా, ఇత్తడి లింక్ చల్లగా కనిపించింది. దీన్ని నమ్మకూడదు. మెరిసే లోహం తన వేడిని చూపించదు, ఎదురుగా ఉన్నదాన్నే అద్దంలా చూపిస్తుంది. లోడ్ ఆపి, సరఫరా తీసి, ఆ లింక్ మీద చిన్న నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, మళ్లీ లోడ్ పెట్టి చూస్తే అసలు సంగతి తెలిసింది.

నిక్కచ్చిగా తేల్చడానికి మిల్లీవోల్ట్ కొలత ఒక్కటి చాలు. తీగ రాగి మీద ఒక ప్రోబ్, లింక్ ఇత్తడి మీద ఒక ప్రోబ్. బాగున్న జాయింట్‌లో ఇంత కరెంటుకి కొన్ని మిల్లీవోల్టులే పడాలి. ఇక్కడ 0.8 వోల్టు పడుతోంది. 0.8 వోల్టు, 44 ఆంప్స్ అంటే 35 వాట్లు. ఒక్క స్క్రూ కింద సోల్డరింగ్ ఐరన్ పెట్టి రోజూ మధ్యాహ్నం గంటల కొద్దీ ఉంచినట్టు. ఇంటాయనకి ఇంత వోల్టేజ్ పోవడం పెద్ద విషయంలా అనిపించలేదు, 230లో 0.8 ఎంత అన్నారు. వాట్లలో చెప్పాక కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నారు.

వేడి వల్ల స్క్రూ వదులవుతుంది, వదులైతే ఇంకా వేడెక్కుతుంది. చివరికి ఆ న్యూట్రల్ పూర్తిగా తెగిందనుకోండి, అప్పుడు ఫేజుల మధ్య 400 వోల్ట్‌లు ఇంట్లో లోడ్లు ఎలా పంచుకుంటే అలా చీలుతుంది. తక్కువ లోడున్న ఫేజ్ మీద 230 వోల్ట్‌ల వస్తువులకి 300 పైచిలుకు అందుతుంది. ఫ్రిజ్, టీవీ, రౌటర్ అన్నీ ఒకేసారి పోయిన ఇళ్లలో చాలావాటికి కారణం ఇదే.

లైట్లు మిణుకుమనడం, ఇన్వర్టర్ ఆగడం కూడా ఇందులో భాగమే. మీటర్ నుంచి డీబీ దాకా 40 మీటర్ల పొడవున 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఉంది. మీటరుకి 3 మిల్లీ ఓమ్‌ల చొప్పున న్యూట్రల్ ఒక్కదానిదే 0.12 ఓమ్. దానికి ఆ మాడిన జాయింట్‌ని, వీధి వైపు న్యూట్రల్‌ని కలుపుకుంటే, 44 ఆంప్స్‌కి న్యూట్రల్ తన చోటు నుంచి ఆరేడు వోల్ట్‌లు పక్కకి జరుగుతోంది. జరిగిన ప్రతిసారీ ఆర్ ఫేజ్ వోల్టేజ్ తగ్గుతోంది, వై ఫేజ్ వోల్టేజ్ పెరుగుతోంది. ఏ లోడూ లేనప్పుడు 244 ఉన్న సరఫరా, కారు పెట్టగానే ఆర్ మీద 234కి దిగి, వై మీద 252కి ఎక్కింది. ఇన్వర్టర్ హద్దు 253, అంటే 230కి పది శాతం ఎక్కువ. మబ్బు తొలగి ఎండ కాస్త గట్టిగా కాస్తే చాలు, హద్దు దాటి ఆగిపోతుంది. అది ఆగగానే న్యూట్రల్ వెనక్కి జరుగుతుంది, లైట్లు ఒక్కసారి ఎగిరిపడతాయి.

ఇంతకు ముందు ఎవరో ఇచ్చిన సలహా ఏమిటంటే, ఇన్వర్టర్ సెట్టింగులో ఆ 253ని 265 చేసేయమని. దయచేసి చేయొద్దు. అది ఊరికే పెట్టిన అంకె కాదు. వై ఫేజ్ మీదున్న మిగతా వస్తువులన్నీ ఆ వోల్టేజ్‌నే తింటాయి. సరఫరా సంస్థ ఒప్పుకోకుండా ఆ సెట్టింగ్ ముట్టుకోవడానికి మనకి హక్కు లేదు.

ఆపే వరుస

కొలతలయ్యాక పని మొదలుపెట్టే ముందు ఆపిన వరుస ఇది. ముందు కారు తెరలోంచి గానీ చార్జర్ యాప్‌లోంచి గానీ చార్జింగ్ ఆపాలి. తర్వాత చార్జర్ బ్రేకర్, ఆ తర్వాత ఇన్వర్టర్ ఏసీ బ్రేకర్, అప్పుడు డీసీ ఐసొలేటర్ (ప్యానెళ్ల వైపు స్విచ్), చివర మెయిన్. డీసీ ప్లగ్గులని లోడ్ మీద ఉండగా లాగితే ఆర్క్ (గాల్లోంచి దూకే నిప్పుల మంట) వస్తుంది. ఏసీలో లాగా సెకనుకి వందసార్లు సున్నాకి దిగదు కాబట్టి ఆ ఆర్క్ తనంతట ఆరదు. ఐసొలేటర్ ఆపాక కూడా, ఎండ ఉన్నంతసేపు, ప్యానెళ్ల నుంచి ఐసొలేటర్ దాకా ఉన్న తీగల్లో వోల్టేజ్ ఉంటూనే ఉంటుంది.

ఇంకోటి. సోలార్ ఉన్న ఇంట్లో బ్రేకర్ దించినా దానికి రెండు వైపులా చెక్ చేయాలి. ‘పైన సరఫరా, కింద లోడ్’ అనే పాత లెక్క ఇక్కడ చెల్లదు.

ఏం మార్చామంటే

ముఖ్యమైన మార్పు ఒక్కటే: ఇన్వర్టర్‌ని వై నుంచి ఆర్ ఫేజ్‌కి మార్చాం. కారు తీసుకునే 31 ఆంప్స్‌లో 20 ఇప్పుడు మేడ మీది నుంచి నేరుగా వస్తాయి, అదే ఫేజ్, అదే న్యూట్రల్, ఇంటి గోడ దాటకుండానే. ఫేజ్ మార్పు సరఫరా సంస్థకి తెలియజేసి, వాళ్లు ఒప్పుకున్నాకే చేశాం. సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ ఎంత వరకు పెట్టొచ్చో, ఏ ఫేజ్ మీద పెట్టాలో ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. చెప్పకుండా చేసే పని కాదిది.

త్రీఫేజ్ ఇన్వర్టర్ కొంటే పోలేదా అని అడుగుతారు. 5 కిలోవాట్లకి అది ఫేజ్‌కి ఏడు ఆంప్స్ చొప్పున సమానంగా ఇస్తుంది, తన వంతుగా న్యూట్రల్‌లో ఏమీ వేయదు, కారు వేసేదాన్ని తగ్గించదు కూడా. త్రీఫేజ్ చార్జర్ కొంటే సరిపోతుందా అంటే, కారులోని చార్జర్ సింగిల్ ఫేజ్‌ది అయితే గోడ మీద ఏది పెట్టినా అది ఒక్క ఫేజే లాగుతుంది. ఈ కారు అలాంటిదే.

అయితే ఒకే ఫేజ్ మీదకి తెస్తే కొత్త చిక్కొకటి వస్తుంది, దాన్ని చూసుకోకుండా వదిలితే ఒక తప్పు పోయి ఇంకోటి వచ్చినట్టే. గ్రిడ్ నుంచి 40, సోలార్ నుంచి 22, రెండు వైపుల నుంచీ ఒకే బస్‌బార్‌లోకి (బ్రేకర్లకి కరెంటు పంచే లోహపు పట్టీలోకి) రావచ్చు. అంటే ఆర్ ఫేజ్ బస్‌బార్‌ మీద 62 ఆంప్స్ దాకా పారినా ఇన్‌కమర్ పడదు, ఎందుకంటే దానికి తెలిసింది తన వైపు నుంచి వచ్చిన 40 మాత్రమే. పాత డీబీలోని బస్‌బార్ 63 ఆంప్స్‌ది. కాగితం మీద సరిపోతుంది, కానీ ఒక్క ఆంప్ తేడాతో సరిపోయేదాన్ని నేను సరిపోయినట్టు లెక్కవేయను. ఇన్‌కమర్ తర్వాత 100 ఆంప్స్ డిస్ట్రిబ్యూషన్ బ్లాక్‌తో వేరే బాక్స్ పెట్టి, అక్కడి నుంచి మూడు దారులు తీశాం: ఇంటి డీబీకి ఒకటి, చార్జర్‌కి ఒకటి, సోలార్‌కి ఒకటి. ఏ దారి బ్రేకర్ ఆ దారి తీగని కాపాడుతుంది. చార్జర్‌ని సోలార్ తీగకే మధ్యలో కలిపేసి, ‘రెండూ పక్కపక్కనే ఉన్నాయి, తీగ మిగులుతుంది’ అనుకున్న ఇళ్లు చూశాను. అక్కడ కలిసిన చోటి నుంచి చార్జర్ దాకా తీగలో ఎంత పారుతుందో ఏ బ్రేకరూ చెప్పలేదు.

మీటర్ నుంచి వచ్చే మెయిన్ తీగని 6 నుంచి 16 స్క్వేర్‌కి (చదరపు మిల్లీమీటర్లకి), న్యూట్రల్ కూడా అదే సైజుకి మార్చాం. చార్జర్ తీగ గురించి కాస్త ఆగి చెప్పాలి. 6 స్క్వేర్ పీవీసీ రాగి తీగ కాండ్యూట్‌లో (తీగలు దూర్చే పైపులో) 40 ఆంప్స్ దరిదాపుల్లో మోస్తుందని పట్టికలు చెబుతాయి. ఆ పట్టిక 30 డిగ్రీల వాతావరణానికి. చుట్టూ 50 డిగ్రీలుంటే దాన్ని 0.71తో గుణించాలి, అంటే 29. ఎండ తగిలే గోడ మీద, మధ్యాహ్నం, ఆరు గంటల పాటు 32 ఆంప్స్ పోవాల్సిన తీగ అది. ఇక్కడ అచ్చంగా అదే పరిస్థితి, కాండ్యూట్ పడమటి గోడ మీద ఉంది. 10 స్క్వేర్ వేసి 40 ఆంప్స్ బ్రేకర్ పెట్టాం. 32 ఆంప్స్ బ్రేకర్ మీద గంటల తరబడి 32 నడిపితే, ఇరుకు డబ్బాలో పక్కనే ఇంకో వేడి బ్రేకర్ ఉంటే, అది తప్పేమీ లేకపోయినా పడుతుంది. అందుకే చార్జర్ బ్రేకర్‌కి, సోలార్ బ్రేకర్‌కి మధ్య ఒక గడి ఖాళీ వదిలాం.

స్క్రూలన్నీ టార్క్ స్క్రూడ్రైవర్‌తో, బ్రేకర్ మీద రాసిన అంకెకే బిగించాం. పోగుల తీగకి ఫెరూల్ (పోగుల్ని కలిపి నొక్కే లోహపు తొడుగు) వేయకుండా ఏ టెర్మినల్‌లోనూ పెట్టలేదు.

లీకేజీ రక్షణ సంగతి

ఇంటి మొత్తానికి ఒకే 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ ఉండేది, అదీ టైప్-ఏసీ, అంటే ఏసీ లీకేజీని మాత్రమే పట్టేది. కారు చార్జింగ్‌కి అది పనికిరాదు. కారులో లోపం వస్తే లీకేజీ డీసీ రూపంలో రావచ్చు. డీసీ పారితే ఆర్‌సీసీబీ లోపలి అయస్కాంత కోర్ నిండిపోయి, నిజంగా మనిషికి షాక్ కొట్టే ఏసీ లీకేజీ వచ్చినా అది కదలదు. పైకి టెస్ట్ బటన్ బాగానే పనిచేస్తూ కనబడొచ్చు. అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణం ఐఈసీ 60364-7-722 చెప్పేది ఇది: ప్రతి చార్జింగ్ పాయింట్‌కి సొంతంగా 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీడీ (ఆర్‌సీసీబీ లాంటి లీకేజీ రక్షణ) ఉండాలి, కనీసం టైప్-ఎ. చార్జర్ లోపలే 6 మిల్లీఆంప్స్ డీసీని పట్టే ఏర్పాటు ఉంటే టైప్-ఎ చాలు, లేకపోతే డీసీ లీకేజీని కూడా పట్టే టైప్-బి పెట్టాలి. ఈ చార్జర్ మాన్యువల్‌లో ఆ ఏర్పాటు ఉందని రాసి ఉంది కాబట్టి ఫేజ్, న్యూట్రల్ రెండూ కోసే టైప్-ఎ వేశాం.

వాన పడ్డ ఉదయాల్లో ఇల్లంతా కరెంటు పోతోందని తర్వాత మాటల్లో చెప్పారు. అది కూడా ఈ ఒక్క ఆర్‌సీసీబీ పుణ్యమే. ట్రాన్స్‌ఫార్మర్ లేని ఇన్వర్టర్‌కి తడిసిన ప్యానెళ్ల నుంచి కొంత కెపాసిటివ్ లీకేజీ (ఇన్సులేషన్ బాగున్నా ఎర్త్‌లోకి జారే కాస్త కరెంటు) ఉండటం మామూలే. ఇన్వర్టర్ తన సొంత రక్షణలో నిలకడగా ఉండే లీకేజీని 300 మిల్లీఆంప్స్ దాకా ఊరుకుంటుంది, ఉన్నట్టుండి పెరిగితేనే 30 దగ్గర ఆగుతుంది. అలాంటిదాన్ని ఇంటి 30 కింద పెడితే పడక ఏం చేస్తుంది? ఇప్పుడు సోలార్ దారి ఆ 30 కిందికి రాదు. పైన 300 మిల్లీఆంప్స్, కాస్త ఆలస్యంగా పడే ఎస్ రకం టైప్-ఎ ఉంది. ఇంటికి, చార్జర్‌కి విడివిడిగా 30.

ఆ పైదాన్ని కొనేటప్పుడు రెండు దిక్కులా కరెంటు పారినా పరవాలేదని రాసి ఉన్నదే కొన్నాం. ‘లైన్’, ‘లోడ్’ అని గుర్తులున్న ఎలక్ట్రానిక్ రకాలు సోలార్ దారిలో పెట్టకూడదు. అది పడ్డాక కూడా ఇన్వర్టర్ ఆగడానికి రెండు సెకన్ల దాకా పట్టొచ్చు. ఆ కాస్త సమయంలో ట్రిప్ కాయిల్‌కి (స్విచ్‌ని పడేసే తీగచుట్టకి) వెనక నుంచి కరెంటు అందుతూనే ఉండి కాయిల్ కాలిపోతుంది. ఆ తర్వాత అది ఎప్పటికీ పడదు. పైకి చూస్తే కొత్తదానిలాగే ఉంటుంది.

స్కూటర్ సాకెట్

పోర్టికో సాకెట్ కవర్ విప్పితే ఒక పిన్ చుట్టూ ప్లాస్టిక్ ఉబ్బి ఉంది. స్కూటర్ చార్జర్‌ది కిలోవాట్ లోపే, దాని వల్ల ఇలా కాదు. అడిగితే తేలిందేమిటంటే, బంధువులు కారులో వచ్చినప్పుడు వాళ్ల పోర్టబుల్ చార్జర్ రాత్రంతా దీనికే పెడుతున్నారు. సాకెట్ మీద 16 అని రాసి ఉంటుంది గానీ, ఇంటి సాకెట్ గీజర్ లాంటి వాటికి, కాసేపు వాడి ఆపేవాటికి పనికొస్తుంది. ఎనిమిది గంటలు ఏకధాటిగా 16 ఆంప్స్ లాగితే లోపలి స్ప్రింగ్ పట్టు సడలుతుంది. దాని చోట ఐఈసీ 60309 నీలి రంగు ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టి, దానికి విడిగా ఒక సర్క్యూట్, విడిగా టైప్-ఎ ఆర్‌సీబీఓ (లీకేజీకీ, ఓవర్‌లోడ్‌కీ రెండింటికీ పడే బ్రేకర్) ఇచ్చాం. పోర్టబుల్ చార్జర్‌లో ఆంప్స్ తగ్గించే బటన్ ఉంటే 10కి పెట్టుకోమని చెప్పాం. ఎక్స్‌టెన్షన్ బోర్డు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

మూడు ఎర్త్‌లు

ఇల్లు కట్టినప్పటి ఎర్త్ పిట్ ఒకటి, సోలార్ వాళ్లు తవ్విందొకటి, చార్జర్ వాళ్లు కొట్టిన రాడ్ ఇంకొకటి. ఎవరిది వాళ్లకే. ఈ ఇంటిది టీటీ పద్ధతి, అంటే సరఫరా న్యూట్రల్‌కి ఇంటి ఎర్త్‌తో సంబంధం లేదు. అలాంటప్పుడు మూడూ విడివిడిగా ఉంటే ఎక్కడైనా లీకేజీ వచ్చినా, పిడుగు దగ్గర్లో పడ్డా, కారు బాడీకి ఒక వోల్టేజ్, పక్కనున్న నీళ్ల పైపుకి ఒక వోల్టేజ్ ఉంటాయి. రెండూ ఒకేసారి పట్టుకునేది తడి చేతులతో కారు కడిగే మనిషి. మూడింటినీ మెయిన్ ఎర్త్ బార్ దగ్గర కలిపాం. న్యూట్రల్, ఎర్త్ ఒకే తీగలో వచ్చే సరఫరా ఉన్న ఇళ్లలో లెక్క వేరు. అక్కడ వీధిలో ఆ తీగ తెగితే కారు బాడీకే ఫేజ్ వోల్టేజ్ రావచ్చు. దానికి ప్రత్యేక రక్షణ ఉన్న చార్జర్ కావాలి, లేదా చార్జర్ ఎర్త్‌ని వేరుగా ఉంచాలి. ఏ పద్ధతో తెలుసుకోకుండా ‘అన్నీ కలిపేయండి’ అన్న సలహా పాటించొద్దు.

సీటీ పెట్టిన ఫేజ్

సోలార్ మిగులు ఉన్నంత మేరకే చార్జ్ చేసే మోడ్ ఈ చార్జర్‌లో ఉంది. దానికి మెయిన్ తీగ మీద సీటీ (తీగ చుట్టూ తొడిగి కరెంటు కొలిచే సెన్సర్) ఉంటుంది. ఇన్వర్టర్ వేరే ఫేజ్ మీద ఉన్నన్నాళ్లూ ఆర్ ఫేజ్ సీటీకి మిగులు ఎన్నడూ కనబడలేదు. ఆ మోడ్ పనిచేయడం లేదని వాళ్లు ఎప్పుడో దాన్ని ఆపేశారు. ఇప్పుడు అదే సీటీ, అదే చోట, పనిచేస్తోంది. పెట్టాక ఒక పరీక్ష తప్పనిసరి: చార్జింగ్ ఆపి, ఎండలో సీటీ అంకె మైనస్‌లో ఉందో లేదో చూడాలి. ప్లస్ చూపిస్తే బాణం గుర్తు తిరగబడినట్టు. అప్పుడు చార్జర్ మిగులుని లోడ్‌గా, లోడ్‌ని మిగులుగా అనుకుంటుంది.

చార్జర్ కారుకి ఎంత తీసుకోవాలో చెప్పేది 1 కిలోహెర్ట్జ్ పైలట్ సిగ్నల్‌తో. దాని డ్యూటీ (ప్రతి చక్రంలో సిగ్నల్ పైన ఉండే సమయపు వాటా) 10 శాతమైతే 6 ఆంప్స్, 53 శాతం దగ్గర 32. ఆరు కంటే తక్కువ చెప్పే వీలు లేదు. అంటే మిగులు 1,380 వాట్లకి తగ్గితే చార్జింగ్ ఆగాల్సిందే. మబ్బులు వచ్చిపోతున్న రోజు కాంటాక్టర్ (చార్జర్ లోపల కరెంటు కలిపి తెంచే స్విచ్) టకటకా కొట్టుకోకుండా ఆగే ముందు, మొదలయ్యే ముందు కొన్ని నిమిషాల ఆలస్యం పెట్టాం. రాత్రిపూట ఇంటి లోడ్, కారు కలిపి 40 దాటకుండా చూసే పని కూడా ఆ సీటీదే.

మార్చాక కొలతలు

మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటర్) వేసే ముందు ఇన్వర్టర్, చార్జర్, సర్జ్ ప్రొటెక్టర్లు (ఉన్నట్టుండి వచ్చే వోల్టేజ్ పోటుని ఎర్త్‌లోకి మళ్లించేవి) విడదీయాలి, లేకపోతే 500 వోల్ట్‌లకి సర్జ్ ప్రొటెక్టర్ తన పని తాను చేసి మనకి తప్పు రీడింగ్ ఇస్తుంది. 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీడీలన్నీ ఐదు రెట్ల కరెంటు దగ్గర 40 మిల్లీసెకన్ల లోపే పడ్డాయి.

మళ్లీ మధ్యాహ్నం, మళ్లీ కారు, అలాంటి ఎండే. ఆర్ ఫేజ్ 13 ఆంప్స్, వై 2, బి 3, న్యూట్రల్ 10 చిల్లర. కొత్త న్యూట్రల్ జాయింట్ దగ్గర మిల్లీవోల్టులు ఒక అంకెలోనే ఉన్నాయి. సోలార్ లేని రాత్రి కారు ఒక్కటే నడిస్తే న్యూట్రల్‌లో మునుపటిలాగే 30 ఉంటుంది. దాన్ని తగ్గించలేం, తగ్గించాల్సిన అవసరమూ లేదు, 16 స్క్వేర్ తీగకి అది బరువు కాదు.

వచ్చే ఏడు ఇంకో కారు కొనే ఆలోచన ఉందని, దాని చార్జర్ కూడా ఆర్ ఫేజ్ మీదే వేయాలా అని ఇంటాయన అడిగారు. అక్కర్లేదు. ఈ కేసులో ఒకే ఫేజ్ మీదకి తెచ్చింది సోలార్‌ని, లోడ్‌ని. రెండు లోడ్లని కాదు. రెండో చార్జర్ 16 ఆంప్స్‌ది బి ఫేజ్ మీద వేస్తే, రాత్రి రెండు కార్లూ నడిచినప్పుడు న్యూట్రల్‌లో 30 ఉన్నది 27కి తగ్గుతుంది. మధ్యాహ్నమైతే ఈ 10 కాస్తా 15 అవుతుంది. రెండూ తీగ హద్దుకి చాలా లోపల. దాని కోసం కొత్త బాక్స్‌లో బి ఫేజ్ మీద ఒక గడి ఖాళీగా ఉంచి, కవర్ మీద ఆ సంగతి రాసి పెట్టాం.